సందులోని ఏసీ ఔట్‌డోర్ యూనిట్ గారికి

పడమటి మాంబళం, చెన్నై

ఔట్‌డోర్ యూనిట్ గారూ,

నమస్కారం. సందుకు ఇవతల వంటింటి కిటికీలో రోజూ కనిపించే మనిషిని నేనే. మిమ్మల్ని గోడకు బిగించినప్పటి నుంచి మా కరివేపాకు మొక్కకు మీ వైపు రెమ్మలన్నీ మాడిపోయాయి, ఇటువైపువి పచ్చగానే ఉన్నాయి. కారప్పొడికి ఆకు విడిగా ఎండబెట్టే శ్రమ తప్పించారు, థాంక్స్.

మీ లెక్క మాత్రం మెచ్చుకోవాలి. ఒకటిన్నర టన్ను వారు కదా, పక్కింటి పిన్నిగారి గదిలోంచి గంటకు సుమారు 5 యూనిట్ల వేడి లాగుతారు. అందుకు ఇంకో ఒకటిన్నర యూనిట్ కరెంటు తాగుతారు. అసలుకు వడ్డీ చేర్చి ఆ ఆరున్నరా మా కిటికీలో పోస్తారు. గదిలో చల్లదనం పుట్టిందని పిన్నిగారి నమ్మకం. పుట్టలేదండీ, వేడి ఇల్లు మారిందంతే. పైగా ఆ కరెంటులో కొంత ఎన్నూరు దగ్గర బొగ్గు కాల్చి తీసిందే. అంటే రాబోయే వేసవులకు కూడా ఇప్పుడే ఏర్పాట్లు చేస్తున్నారన్నమాట.

2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని రూలు. మొదలవుతుంది, కాదనను. పిన్నిగారు వెంటనే 18కి దించి రజాయి కప్పుకుంటారు. ఆ రజాయి కవర్లు ఇస్త్రీ చేసేది సరిగ్గా మీ కింద బండి పెట్టుకున్నాయన. చేతిలో బొగ్గుల పెట్టె, నెత్తిన మీరు. మే నెల కత్తిరి ఎండల్లో ఆ బండి దగ్గర ఇస్త్రీ నిలవని చొక్కా ఆయనదొక్కటే.

వాతావరణ శాఖ లెక్కలో తీరప్రాంతంలో ఎండ కనీసం 37కి చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలైనా ఎక్కువుంటేనే వడగాలులు. మేలో మామూలే 37 దగ్గరుండే ఈ ఊరికి ఆ పేరు దక్కాలంటే 41 దాటాలి. అదీ నీడలో, గాలాడే పెట్టెలో ఉన్న థర్మామీటరు చెప్పాలి. మన సందులో ఆ పెట్టె లేదు గనక ఇక్కడ వడగాలి లేనట్టే. (2003 మే 31న ఈ ఊళ్లోనే నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 కొట్టింది. అప్పటికి మీరీ గోడ మీద లేరు, ఆ నింద మీ మీద వేయను.) రాత్రయితే గోడలు పగలు తాగిన వేడిని కక్కుతాయి, ఉక్కకు చెమట ఆరదు. సరిగ్గా అప్పుడే మీరు గుర్రుమంటూ డ్యూటీ ఎక్కుతారు.

భరించలేక మేమూ ఒకటి కొన్నాం. ఫిట్టరు వెనక గోడకు బిగిస్తానన్నాడు. వెనకింటి వాళ్లకు ఏసీ లేదు, కిటికీ తెరుచుకునే పడుకుంటారు. ఉత్తరం రాసినా తమిళంలోనే రాస్తారు కదా, నాకు చదవడం రాదు. బిగించెయ్యమన్నాను.

ఇట్లు,
ఎదురు కిటికీ