చక్రం వేడెక్కితే కాలిపర్ పోయినట్టేనా?

"చక్రం మీద చెయ్యి పెట్టి చూడండి. కాలిందంటే ఆ కాలిపర్ పోయినట్టే, కొత్తది వేయించండి. దారిలో ఉంటే నీళ్లు పోయండి. తగ్గకపోతే బ్లీడ్ స్క్రూ వదులు చేసి కాస్త బ్రేక్ ఆయిల్ వదిలేయండి. పిస్టన్‌కి గ్రీజు రాస్తే మళ్లీ పట్టుకోదు." బ్రేకు పట్టేసి చక్రం వేడెక్కడం గురించి ఈ సలహా ఫోన్ల మధ్య జోరుగా తిరుగుతోంది. కొంత నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. కానీ దీన్ని పాటిస్తే డబ్బు దండగ కావచ్చు, కొన్నిచోట్ల ప్రాణం మీదికీ రావచ్చు. కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కి ఆపే భాగం, అందులో ప్యాడ్లను తోసేది పిస్టన్, దానిలోని ఆయిల్, గాలి బయటికి వదిలే మర బ్లీడ్ స్క్రూ. ఒక్కో మాటా విడిగా చూద్దాం.

"చెయ్యి పెట్టి చూడండి, కాలితే లోపమే"

బ్రేకు చేసే పనే బండి వేగాన్ని వేడిగా మార్చడం. నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు వేస్తే ఏ లోపమూ లేని డిస్క్ కూడా చర్మం కాలేంత వేడెక్కుతుంది. అందుకని చెయ్యి ఆనించకండి, దగ్గర పెడితే చాలు, సెగ తెలుస్తుంది. పైగా ముందు బ్రేకుల మీద భారం ఎక్కువ కాబట్టి అవి వెనక వాటికంటే వేడిగా ఉండటం మామూలే. పోల్చాల్సింది ఎడమ చక్రాన్ని కుడి చక్రంతో. బ్రేకు దాదాపు వాడకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి, బండిని దానంతట అదే నెమ్మదించనిచ్చి ఆపండి. అప్పుడు ఒక పక్క మాత్రమే సెగ కొడితే అక్కడ బ్రేకు పట్టి ఉందని అనుమానించవచ్చు. చక్రం బేరింగ్ పాడైనా అక్కడ వేడి వస్తుంది, అది కూడా చూసుకోవాలి.

ఈ సందేశం రాసినవాళ్లు అసలు ఊహించని సంగతి మరొకటి ఉంది. కొన్నిసార్లు వేడెక్కిన చక్రం బాగానే ఉంటుంది, చల్లగా ఉన్నదే పనిచేయడం మానేసి ఉంటుంది. ఎడమ బ్రేకు పట్టకపోతే ఆ పనంతా కుడి బ్రేకు మీద పడి అది మరిగిపోతుంది. బ్రేకు వేసినప్పుడు మాత్రమే బండి వేడి చక్రం వైపు లాగుతూ, మామూలుగా నడుస్తున్నప్పుడు తిన్నగా పోతుంటే ముందు చల్లటి చక్రాన్ని విప్పి చూడండి. సందేశాన్ని నమ్మి వేడి వైపు కాలిపర్ మార్చేస్తే బాగున్నదాన్ని పారేసి, చెడిపోయినదాన్ని బండిలోనే ఉంచుకున్నట్టు.

"కాలిపర్ పోయినట్టే"

నా అభ్యంతరమంతా ఎక్కువగా ఈ మాట మీదే. కాలిపర్‌లో పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగ్ ఉండదు. బ్రేకు వేసినప్పుడు పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కొద్దిగా వంగుతుంది, పెడల్ వదలగానే తిరిగి సర్దుకుంటూ పిస్టన్‌ని వెంట్రుకవాసంత వెనక్కి తెస్తుంది. అంత చిన్న కదలిక ఆగిపోవడానికి రెండు రకాల కారణాలు ఉండవచ్చు. ఆయిల్ ఒత్తిడి దిగకపోవడం ఒకటి, ఒత్తిడి దిగినా ఏదో భాగం బిగుసుకుపోవడం రెండోది. ఇందులో ఏదో తేలకుండా సామాను కొనడం గుడ్డిగా బాణం వేయడమే.

తేల్చుకునే పద్ధతి ఉంది. సమతలం మీద బండి ఆపి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి స్టాండు మీద నిలపండి. జాకీని మాత్రమే నమ్మి పని చేయకండి. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేక్ దించి, బ్రేకు పట్టి ఉన్నప్పుడే పై నుంచి కిందికి, అంటే పెడల్ వైపు నుంచి చక్రం వైపు, ఒక్కోటీ చూస్తూ రావాలి. ముందే కాలిపర్ దగ్గర విప్పితే ఒత్తిడి దిగిపోయి ఆధారం పోతుంది.

మొదట మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి బిగించిన నట్లు కాస్త వదులు చేయండి. (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది మాస్టర్ సిలిండర్, కాలి బలాన్ని పెంచేది బూస్టర్, ఆ రెంటి మధ్య ఉండే కడ్డీ పుష్‌రాడ్.) చక్రం ఫ్రీ అయితే పుష్‌రాడ్‌కి ఉండాల్సిన కొద్దిపాటి ఖాళీ లేదన్నమాట. అప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని సన్నటి రంధ్రం మూసుకునే ఉంటుంది, ఆయిల్ వెనక్కి పోదు, వేడికి వ్యాకోచించిన కొద్దీ బ్రేకు ఇంకా బిగుస్తుంది. బయలుదేరినప్పుడు బాగుండి, పోను పోను పట్టేసి, చల్లారాక మళ్లీ వదిలేసే బండిలో ముందు అనుమానించాల్సింది దీన్నే. ఒకటి కాకుండా రెండు ముందు చక్రాలూ పట్టేసినప్పుడు కూడా అంతే.

ఫ్రీ కాకపోతే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు వదులు చేయండి. అక్కడ వదిలితే లోపం ఆ సిలిండర్‌లోనే. అక్కడా వదలకపోతే లోహపు పైపు రబ్బరు హోస్‌ని కలిసే చోట వదులు చేసి చూడండి. చివరగా కాలిపర్ మీది బ్లీడ్ స్క్రూ. ఇంతవరకూ వదలని చక్రం ఇక్కడ వదిలిందంటే హోస్ లోపల ఉబ్బి మూసుకుపోయింది. బయటికి కొత్తదానిలా కనిపించే హోస్ కూడా ఇలా చెడిపోతుంది. కాలు బలంగా తొక్కుతుంది కాబట్టి ఆయిల్ ముందుకు పోతుంది, వెనక్కి తోసే బలం లేక అక్కడే ఆగిపోతుంది.

బ్లీడ్ స్క్రూ విప్పినా చక్రం వదలకపోతేనే బిగుసుకుపోయిన భాగాన్ని వెతకాలి. అప్పుడైనా కాలిపర్ మొత్తం చెడినట్టు కాదు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఆధారమైన స్లైడ్ పిన్నులు ఎండిపోయి ఉండవచ్చు, ప్యాడ్ చెవులు తుప్పుతో బ్రాకెట్‌లో ఇరుక్కోవచ్చు, వెనక చక్రమైతే హ్యాండ్ బ్రేక్ కేబుల్ తిరిగి రాకపోవచ్చు. పిన్నులు శుభ్రం చేస్తే సరిపోయే బండికి కాలిపర్ అమ్మడం అన్యాయం.

"నీళ్లు పోయండి"

వద్దు. ఎర్రగా కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే డిస్క్ పగలవచ్చు, వంకర పోవచ్చు. లేచే ఆవిరి ముఖం మీద కొడుతుంది.

"బ్లీడ్ స్క్రూ వదులు చేయండి"

పరీక్షగా ఇది సరైనదే. దారిలో వైద్యంగా మాత్రం ప్రమాదం. లోపం అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ పెడల్ తొక్కగానే ఒత్తిడి తిరిగి చిక్కుకుంటుంది. లోపలికి గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది. మరుగుతున్న ఆయిల్ చేతి మీదికో కంట్లోకో చిమ్మవచ్చు. పరీక్ష కోసం విప్పినా సరే, గాలి పూర్తిగా తీయించాకే బండి కదపాలి.

"పిస్టన్‌కి గ్రీజు రాయండి"

బ్రేకు సీళ్ల రబ్బరు పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బుతుంది. అంటే ఏ జబ్బుకి మందు అన్నారో దాన్నే ఇది పెంచుతుంది. స్లైడ్ పిన్నులకు బ్రేకుల కోసమే తయారుచేసిన గ్రీజు వాడాలి, ప్యాడ్ల ముఖానికి ఏదీ తగలకూడదు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో పొరపాటున ఇంజన్ ఆయిల్ పోసినా రబ్బరుకు ఇదే గతి, కాకపోతే అన్ని చక్రాలూ పట్టేస్తాయి. మూత కింది రబ్బరు ఉబ్బి ఉంటే అది దానికి గుర్తు.

దారిలో కమురు వాసన, పొగ వస్తే చేయాల్సింది వేరు. సమతలంగా ఉన్నచోట బండి పక్కకు ఆపండి. హ్యాండ్ బ్రేక్ మీదే ఆధారపడకుండా గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టండి, దానంతట అదే చల్లారనివ్వండి, బండిని మోసుకెళ్లే ఏర్పాటు చేసుకోండి. మంట కనిపిస్తే అందరూ దిగి దూరంగా వెళ్లాలి. లోపం సరిచేశాక బ్రేక్ ఆయిల్ కూడా మార్పించండి. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు చేరి పెడల్ నేలకు దిగిపోతుంది. ఆయిల్‌తో పాటు ఆ చక్రం బేరింగ్‌లో గ్రీజు కరిగి కారిందేమో కూడా చూడమనండి.