పరామర్శకు కుక్కే మేలు

ఆసుపత్రిలో మంచమెక్కిన మనిషికి రెండు గండాలు. ఒకటి వచ్చిన జబ్బు, దానికి మందులున్నాయి. రెండోది సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వచ్చే పరామర్శ. దానికి మందు లేదనే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాం. ఉంది. దానికి నాలుగు కాళ్లు, ఒక తోక.

థెరపీ డాగ్ అంటారు. పోలీసు జాగిలంలా దొంగల్ని పట్టదు, చూపు లేనివారికి దారి చూపే కుక్కలా ఒక్క మనిషినే అంటిపెట్టుకుని ఉండదు. వస్తుంది, మంచం పక్కన కూర్చుంటుంది, తల నిమిరించుకుంటుంది, పోతుంది. ఇదీ ఒక వైద్యమేనా అని నవ్వేవాళ్లు ఒక్కసారి మన చుట్టాల్ని తలుచుకోవాలి. ఈ నాలుగు పనుల్లో చివరిదైనా వాళ్లు వేళకు చేసిన దాఖలా ఉందా?

అమెరికాలో ఇలేన్ స్మిత్ అనే నర్సు 1976లోనే ఈ పనికి ఒక సంస్థ పెట్టింది. అప్పటికి అది మంచి మనసుతో చేసే పని మాత్రమే. లెక్కలు తర్వాత వచ్చాయి. లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ ఆసుపత్రిలో గుండె వైఫల్యంతో చేరిన 76 మందిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టు దగ్గరికి కుక్కను వెంటబెట్టుకుని ఒక వాలంటీరు వచ్చి 12 నిమిషాలు గడిపారు. రెండో జట్టు దగ్గరికి కుక్క లేకుండా వాలంటీరు ఒక్కరే వచ్చి అంతే సేపు కూర్చున్నారు. మూడో జట్టు దగ్గరికి ఎవరూ రాలేదు. రోజూ జరిగే వైద్యమే జరిగింది. 2005లో చెప్పిన ఫలితం ఇది: కుక్క వచ్చినవారిలో ఆందోళన 24 శాతం తగ్గింది, మనిషి వచ్చినవారిలో 10 శాతం, ఎవరూ రానివారిలో సున్నా. 2007లో పత్రికలో వచ్చిన పూర్తి వ్యాసం చూస్తే ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి, నెత్తుట్లో ఎపినెఫ్రిన్ అనే ఒత్తిడి హార్మోను కూడా కుక్క జట్టులోనే బాగా దిగాయి.

ఈ పరిశోధనలో ఒక పెద్ద లోపం ఉంది, ఎవరూ ఎత్తిచూపలేదు. ఆ రెండో జట్టుకు వచ్చిన మనిషి పరాయివాడు. రోగికి తోడల్లుడు కాడు. మన దగ్గర ఇదే పరీక్ష పెట్టి తోడల్లుణ్ణి పంపి ఉంటే ఆ పది ముందు మైనస్ గుర్తు పడేది. ఆయన వస్తూనే గుమ్మంలో ఆగుతాడు. "ఏంటన్నయ్యా, ఇట్లా అయిపోయావ్!" అంటాడు. ఎట్లా అయిపోయాడో రోగికి అప్పటిదాకా తెలియదు. ఉన్న ఒక్క స్టూలూ లాక్కుని, కేస్‌షీటు తిరగేసి, "క్రియాటినిన్ ఎక్కువుందే" అని తనలో తను గొణుక్కున్నట్టు అందరికీ వినపడేలా గొణుగుతాడు. "మా పక్కింటాయనకీ ఇదే. స్టెంటు వేశారు. ఇంటికొచ్చాడు. బాగానే తిరుగుతున్నాడు అనుకుంటున్నామా..." అని ఆపి, తెచ్చిన బత్తాయిల్లో ఒకటి తనే ఒలుచుకుంటాడు. ఆ ఆపిన చోట మానిటర్ మీద అంకె 82 నుంచి 104కి పోతుంది.

కుక్క కేస్‌షీటు చదవదు. బిల్లు ఎంతైందని, ఆరోగ్యశ్రీలో వస్తుందా అని అడగదు. ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది అని నాలుక చప్పరించదు.

పైగా అది ఊరికే కూర్చోదు, పని చేయిస్తుంది. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయినవాడికి బంతి ఇచ్చి పిసకమంటే రెండు నిమిషాల్లో విసుగొచ్చి పక్కన పడేస్తాడు. అదే చేతికి దువ్వెన బ్రష్షు ఇచ్చి కుక్క వీపు దువ్వమంటే ఫిజియోథెరపిస్టు ఆపమనేదాకా ఆపడు. వేళ్ల పట్టు రావాలంటే మెడపట్టీ బకిల్ పెట్టించి తీయిస్తారు. మాట పడిపోయినవాడి చేత "కూర్చో", "రా" అనిపిస్తారు. మాట సగమే వచ్చినా కుక్క లేచి వస్తుంది, మళ్లీ అనాలనిపిస్తుంది. వరండాలో నడిపించేటప్పుడు మెడపట్టీకి రెండు తాళ్లు కడతారు. ఒకటి రోగి చేతిలో, రెండోది కుక్కను చూసుకునే మనిషి చేతిలో. రోగి తూలినా కుక్క అతన్ని లాగకుండా రెండో తాడు చూసుకుంటుంది. రోగి మాత్రం తనే కుక్కను నడిపిస్తున్నానని అనుకుంటాడు. అసలు మందు ఆ అనుకోవడమే.

ఇక అర్హతలు. అమెరికాలోని సంస్థలు కుక్కకు పరీక్ష పెడతాయి. పరాయివాడు మొరటుగా నిమిరినా, గట్టిగా వాటేసుకున్నా కదలకూడదు. ఒకడు చేతులు విసురుతూ తూలుకుంటూ వచ్చినా, ఎదురుగా ఇద్దరు గొంతు చించుకుని పోట్లాడుకున్నా, వెనక నుంచి ఎవరైనా తగిలినా బెదరకూడదు, మొరగకూడదు. నేల మీద పడినదాన్ని "వదిలెయ్" అంటే వదిలెయ్యాలి. ఈ చివరిది మర్యాద కోసం కాదు. వార్డులో నేల మీద పడేవి బిస్కెట్లు కావు, మాత్రలు. ఇవే అంశాలతో మన చుట్టాలకూ పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకే పాస్ ఇవ్వాలని ఈ వ్యాసకర్త ప్రతిపాదన. "వదిలెయ్" దగ్గరే నూటికి తొంభై మంది తప్పుతారు. పొలం గట్టు గొడవ, పెళ్లిలో పెట్టని చీర, పన్నెండేళ్ల కిందటి చేబదులు — మంచం పక్కన ఒకటీ వదలరు.

అంటువ్యాధుల నివారణ చూసే షియా (SHEA) అనే అమెరికా సంఘం 2015లో ఆసుపత్రికి వచ్చే జంతువుల మీద నియమాలు రాసింది. కుక్కకు ఏడాది నిండాలి, రెండేళ్లయితే మరీ మంచిది. రేబిస్ టీకా పడి ఉండాలి. గడచిన 90 రోజుల్లో పచ్చి మాంసం తిని ఉండకూడదు. తింటే సాల్మొనెల్లా అనే క్రిమి మలంలోనే కాదు, బొచ్చు మీదికీ చేరుతుంది. వాంతులో విరేచనాలో పట్టుకుంటే తగ్గాక కూడా కనీసం వారం ఆగాలి. తాడు నాలుగు నుంచి ఆరు అడుగులే ఉండాలి, సాగే తాడు పనికిరాదు. ఎందుకంటే అది సెలైన్ స్టాండు చుట్టూ ఒక చుట్టు తిరిగితే కుక్కా స్టాండూ కలిసే బయల్దేరతాయి. సూది ఉన్న చెయ్యి వైపు నుంచి కాక రెండో వైపు నుంచి రావాలి. మంచం ఎక్కితే కింద ఉతికిన దుప్పటి పరిచి, దిగగానే దాన్ని మార్చాలి. మొహం నాకనివ్వకూడదు. గోళ్లు తీసి అంచులు అరగదియ్యాలి. రక్తం పలచబడే మందులు వాడే ముసలివాళ్ల చర్మం తడిసిన కాగితంలా చిరుగుతుంది. ముట్టుకునే ముందూ తర్వాతా రోగి చేతులు శుభ్రం చేసుకోవాలి.

ముక్కు చీదుకుంటూ వచ్చి, చెప్పుల కాళ్లు మంచం కోడు మీద పెట్టి, రోగి బుగ్గ పుణికిపోయే మేనత్తకు ఇందులో ఏ నియమమూ వర్తించదు. ఆమె కుక్క కాదు కాబట్టి.

అంతా బాగానే ఉందని కళ్లు మూసుకోనక్కర్లేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో చెప్పిన సంగతి ఉంది. క్యాన్సరు పిల్లల దగ్గరికి వచ్చిన కుక్కల వల్ల మందులకు లొంగని స్టాఫిలోకాకస్ అనే క్రిమి ఒకరి నుంచి ఒకరికి అంటుతోంది. కుక్కకు జబ్బు ఉండి కాదు. పదిమంది నిమిరిన వీపు పదిమంది తుడుచుకున్న తువ్వాలు లాంటిది. విరుగుడూ వాళ్లే చూపించారు: వచ్చేముందు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకం కలిపిన షాంపూతో స్నానం, వచ్చాక ఐదు పది నిమిషాలకోసారి అదే మందు గుడ్డతో ఒళ్లు తుడవడం. తెల్లకణాలు పడిపోయినవారి దగ్గరికి, విడి గదుల్లో ఉంచినవారి దగ్గరికి, ప్లీహం తీసేసినవారి దగ్గరికి అసలు పంపరు.

ఈ తంతంతా ఎందుకు, మా పెద్దాసుపత్రిలో కుక్కలు ఎప్పట్నుంచో ఉన్నాయిగా అనేవాళ్లున్నారు. ఉన్నాయి. కాదనలేం. మెడకు తాడు లేదు, స్నానం లేదు, పాస్ లేదు. గంట పరిమితి లేకుండా ఇరవై నాలుగు గంటల సేవ. మెట్ల కింద అటెండెంట్లు విప్పిన పులిహోర పొట్లాం, మూతి కట్టకుండా పెట్టిన ఆసుపత్రి చెత్త పసుపురంగు సంచి, ప్రహరీలో మనుషులు దారి కోసం పడగొట్టుకున్న కంత, ఎండాకాలం చల్లటి నేల — ఈ నాలుగూ ఉన్నంతకాలం నియామకాలు ఆగవు. కరిస్తే వైద్యమూ అదే ఆవరణలో. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నది సామెత వరకే. నిజానికి 15 నిమిషాలు పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. సున్నా, 3, 7, 28 రోజుల్లో చర్మంలోకి రెండేసి చోట్ల 0.1 మిల్లీలీటరు చొప్పున టీకా; నెత్తురొస్తే గాయంలోకే ఇమ్యునోగ్లోబులిన్. కారం, సున్నం, పసుపు అద్దకూడదు. సుప్రీంకోర్టుకు ఈ సేవ నచ్చలేదు. 2025 నవంబర్ 7న ఆసుపత్రుల నుంచి వీధికుక్కల్ని తీసెయ్యాలని, ఆపరేషనూ టీకా అయ్యాక షెల్టర్లకే పంపాలని, తెచ్చి మళ్లీ అక్కడే వదలొద్దని, చుట్టూ కంచె కట్టాలని చెప్పింది. కంచె అంటే టెండరు. కుక్కలకు ఆ సంగతి తెలుసు కాబోలు, నిశ్చింతగా పడుకున్నాయి.

లోపలికి రానివ్వాలా వద్దా అన్న తగాదా మనకు పాతదే. ధర్మరాజు స్వర్గం గేటు దగ్గర ఇంద్రుడితో పడ్డదీ కుక్క పాస్ గురించే. చివరికి ఆ కుక్క సాక్షాత్తు యముడని తేలింది. ఈ ముక్క ఐసీయూ ముందు ఎత్తకపోవడం మంచిది.

రేపు ఏ పెద్ద ఆసుపత్రో నియమం ప్రకారం, స్నానం చేయించి, పరీక్ష నెగ్గిన లాబ్రడార్‌ను వార్డుకు తెచ్చిందనుకుందాం. ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. కుక్కొచ్చిందట అని పక్క వార్డుల నుంచి పద్నాలుగు మంది వస్తారు. పిల్లాణ్ణి ఎత్తి దాని వీపు మీద కూర్చోబెడతారు. ఒకాయన మారీ బిస్కెట్ పెడతాడు, ఇంకొకాయన ఫోను దాని ముక్కుకు ఆనిస్తాడు. అప్పుడు కుక్క ఆవులిస్తుంది. అది నిద్ర కాదు. ఆవులించడం, పెదాలు నాక్కోవడం, తల పక్కకు తిప్పుకోవడం — ఒత్తిడి పడుతున్న కుక్క చేసే సైగలివి. తాడు పట్టుకున్నవాళ్లకు ఇది నేర్పుతారు. సైగ కనిపించగానే ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే, కుక్కను బయటికి తీసుకెళ్లిపోవాలి.

మంచం మీద రోగి కూడా ఆవులిస్తాడు, తల పక్కకు తిప్పుకుంటాడు. "నిద్రొస్తున్నట్టుంది పాపం" అంటాడు తోడల్లుడు, స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటూ.