ఆర్ద్ర గారి ఆరోగ్యంపై మా తీవ్ర అసంతృప్తి

వేటగాడి ఆకారంలో కనిపించే ఒరాయన్ నక్షత్రమండలం భుజం మీద ఎర్రగా మెరిసే బీటిల్‌జూస్, అదే మన పంచాంగంలోని ఆర్ద్రా నక్షత్రం, ప్రజలను మోసం చేసిందని బాధతో తెలియజేస్తున్నాం. 2019 చివర్లో అది ఉన్నట్టుండి మసకబారింది. 2020 ఫిబ్రవరికి మామూలు వెలుగులో సగం కూడా లేదు. "ఇవాళో రేపో పేలిపోతుందట" అని లోకమంతా పరామర్శకు కదిలింది. రాత్రి ఎన్నడూ తల ఎత్తనివాళ్లు కూడా మేడెక్కి, మెడలు పట్టేదాకా చూశారు. తీరా వేసవి ముగియకముందే ఆర్ద్ర గారు లేచి కూర్చున్నారు! ఇంతమందిని పిలిపించుకుని కోలుకోవడం మర్యాదేనా?

హబుల్ టెలిస్కోపు ఇంకా అన్యాయం చేసింది. మసకబారడానికి ముందే, 2019 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, అది అతినీలలోహిత కాంతిలో ఆ నక్షత్రాన్ని గమనించింది. వేడి పదార్థం గంటకు సుమారు 3 లక్షల 20 వేల కిలోమీటర్ల వేగంతో బయటికి తన్నుకురావడం అందులో దొరికింది. అది దూరం పోయి, చల్లారి, దుమ్మై మన చూపుకు అడ్డం పడిందని ఖగోళ శాస్త్రవేత్త ఆండ్రియా డుప్రీ బృందం 2020 ఆగస్టులో చెప్పింది. అంటే మనం చావు కబురు అనుకున్నది ఉత్త తేనుపు.

జపాన్ వాతావరణ ఉపగ్రహం హిమవారి-8 సంగతి మరీ విడ్డూరం. దాన్ని పెట్టింది మబ్బులను చూడటానికి. అది తీసిన ఫొటోల్లో భూమి అంచు పక్కన ఏళ్ల తరబడి ఆర్ద్ర కూడా పడుతూనే ఉందట! అవి తిరగేసిన పరిశోధకులు తప్పు దుమ్ముది సగమే, నక్షత్రం కాస్త చల్లబడటం మిగతా సగం అన్నారు. డాక్టర్లకే ఏకాభిప్రాయం లేనప్పుడు మాకెందుకీ టెన్షన్?

ఆర్ద్ర గారి వయసు చూస్తే కోటి ఏళ్లు కూడా నిండలేదు. మన సూర్యుడు 460 కోట్ల ఏళ్లుగా పొదుపుగా సంసారం ఈదుతున్నాడు. ఈవిడ బరువు అంతకు పది రెట్లకు పైనే, ఇంధనం ఖర్చు వేల రెట్లు. ఉన్నదంతా ఊదేసి, ఒళ్లు ఉబ్బి, ఇప్పుడు లక్ష ఏళ్లలోపు ఎప్పుడైనా పోతానంటోంది. తేదీ అడిగితే చెప్పదు.

ఒకవేళ పోయినా మనకు వెంటనే తెలియదు. దూరం 550 కాంతి సంవత్సరాలని (అంటే వెలుగు ఇక్కడికి రావడానికి అన్నేళ్లు పడుతుందని) కొందరు, 700 అని కొందరు. ఎవరి లెక్క నిజమైనా, ఇవాళ మన కంట పడే వెలుగు బయలుదేరేనాటికి ఇక్కడ రెడ్డి రాజులో విజయనగర రాయలో ఏలుతున్నారు.

కాబట్టి ప్రభుత్వం ముందే మేలుకోవాలి. పేలితే కొన్నాళ్లు పట్టపగలే కనిపిస్తుంది, ఆపై కంటికి ఆనదు. అప్పుడు ఆరుద్ర కార్తెను ఏ చుక్క పేరుతో జరపాలి? ఎర్రటి ఆరుద్ర పురుగులు ఎవరి అనుమతితో పొలాల్లోకి రావాలి? ఆర్ద్రలో పుట్టినవాళ్ల జాతకాలు చెల్లుతాయా, కొత్తవి రాయించాలా, ఆ శాంతి ఖర్చు ఎవరు భరించాలి? వెంటనే కమిటీ వేయాలని మా డిమాండు. నివేదికకు గడువు లక్ష సంవత్సరాలు. మన కమిటీల వేగం తెలిసినవాళ్లం గనక, అవసరమైతే పొడిగింపుకూ అభ్యంతరం లేదు.