అత్యాశ అనే అపనింద

బంగారం కోసం ఎగబడ్డవాణ్ణి అత్యాశపరుడని తిట్టడం లోకానికి అలవాటైపోయింది. ఇంత అన్యాయం ఇంకోటి లేదు. 1897లో కెనడాలోని క్లాండైక్‌కి బయల్దేరిన దాదాపు లక్షమంది సంగతి చూస్తే, ఇంతకు మించిన నిస్వార్థపరులు ఉంటారా అనిపిస్తుంది.

ముందు తేదీలు చూడండి. అక్కడి వాగులో బంగారం బయటపడింది 1896 ఆగస్టులో. దగ్గర్లో ఉన్నవాళ్లు వెంటనే వచ్చి, ఇది నా జాగా అని హద్దులకు గూటాలు పాతి, మంచి వాగులన్నీ చలికాలంలోపే పంచేసుకున్నారు. బంగారంతో ఓడలు శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ రేవులు చేరింది మరుసటేడు జులైలో. అంటే బంతి లేచిపోయి విస్తళ్లు ఎత్తేశాక మనవాళ్లు కాళ్లు కడుక్కున్నారన్నమాట.

సియాటిల్ మేయరు అప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. ఊరికెళ్లి రాజీనామా చేస్తే ఆలస్యమవుతుందని టెలిగ్రాంలోనే పదవి వదిలేశాడు. మన దగ్గర కుర్చీని ఇంత తేలిగ్గా వదిలినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

ఏడాదికి సరిపడా తిండి లేనిదే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవాళ్లు కాదు. పిండి, చిక్కుడు గింజలు, పంది మాంసం, డేరా, పనిముట్లు కలిపితే టన్ను. సరిహద్దు దగ్గర కొండ దాటించే చిల్కూట్ కనుమ చివరి ఎక్కుడులో గుర్రం పనికిరాదు. మంచులో చెక్కిన పదిహేను వందల మెట్లు, వీపు మీద పాతిక కిలోల మూట. పైన దించి, కిందికి జారి, మళ్లీ మొదలు. టన్ను పైకి చేరేసరికి ముప్పై నలభై సార్లు ఎక్కాలి. ఊపిరి తీసుకుందామని వరుసలోంచి పక్కకు జరిగితే మళ్లీ దూరడానికి సందు దొరకదు. ఎదురు డబ్బు పెట్టుకుని మూటలు మోసే మనిషిని అత్యాశపరుడంటే కళ్లు పోతాయి.

పక్కనున్న వైట్ పాస్ దారిలో దాదాపు మూడు వేల గుర్రాలు చచ్చాయి. వాటికి బంగారం మీద ఆశ ఉన్నట్టు ఎక్కడా రుజువు లేదు.

1898 మే చివర్లో మంచు విరిగాక వేల పడవలు బంగారు వాగుల దగ్గరి ఊరు డాసన్ వైపు కదిలాయి. అక్కడ దిగాక తెలిసింది, గూటాలు పాతడానికి చోటే లేదని. కొందరు బురద వీధుల్లో ఊరికే తిరిగారు. కొందరు ముందొచ్చినవాళ్ల గోతుల్లో కూలికి చేరారు. నేల లోపలిదాకా గడ్డకట్టి ఉంటుంది. రాత్రి కట్టెలు పేర్చి మంట పెట్టాలి. పొద్దున్నే దిగి కరిగినంత మట్టి గీకి, బకెట్‌తో పైకి లాగాలి. మళ్లీ మంట. చలికాలమంతా ఇలా పోగేసిన గుట్టలో బంగారముందో లేదో వసంతంలో నీళ్లొచ్చి కడిగితే గానీ తేలదు. అన్ని నెలలూ యజమానికి టెన్షన్, కూలీకి పొగ.

డాసన్ చేరింది ముప్పై నలభై వేలమంది, బంగారం కళ్లజూసింది ఓ నాలుగు వేలమంది అని అంచనా. మిగతావాళ్ల పైసలు ఓడల కంపెనీలకూ సియాటిల్ దుకాణాలకూ సమర్పణ. కర్ణుడు సైతం కవచకుండలాలు ఒక్కసారే ఇచ్చాడు.

అక్కడి క్లాండైక్ నది ఒడ్డున తరతరాలుగా సాల్మన్ చేపలు పట్టుకుని బతికే స్థానికులు వీళ్ల కోసం దిగువకు తరలిపోవాల్సి వచ్చింది. త్యాగం కూడా అంటుకుంటుంది కాబోలు.

1899లో కబురొచ్చింది, అలాస్కాలో నోమ్ దగ్గర సముద్రపొడ్డు ఇసుకలోనే బంగారం ఉందట. ఆ వేసవిలోనే వేలమంది డాసన్ ఖాళీ చేసి పడవలెక్కారు.