నాగావళికి చేరని రూపాయి

మొన్న ఆదివారం శ్రీకాకుళం నుంచి విజయనగరం కారులో బయల్దేరాం. తోడల్లుడి గృహప్రవేశం. ఎప్పటిలాగే ఆలస్యం, ఎప్పటిలాగే తప్పు నాదే. కొత్త కాలనీకి దారి నా ఫోన్‌లో ఉంది, ఫోన్‌లో 9 శాతం ఛార్జింగ్ ఉంది.

"ఆ ఛార్జర్ కాస్త సాకెట్‌లో పెట్టండి మావయ్యగారూ" అన్నాను.

"వంతెన రానీ బాబూ. ముందు గంగమ్మకి దండం" అన్నారాయన.

నది దాటితే నీళ్లలో రూపాయి వెయ్యాలి. ఆయనకది రివాజు. నాగావళి వచ్చింది. కళ్లు మూసుకుని, చెయ్యి విసిరారు. కిటికీ అద్దం మూసే ఉంది. అంతకుముందు రోజు దాన్ని ఉన్నట్టే తెలియనంతగా తుడిచింది నేనే. కారు తుడవనని రోజూ తిట్లు తినేవాణ్ణి, ఆ ఒక్క రోజూ తినేసి ఊరుకోవాల్సింది.

రూపాయి అద్దానికి కొట్టుకుని, గేరు మీద పడి, దొర్లి, మూత లేని సాకెట్ అంచు మీద ఒక్క క్షణం ఆగింది. దూకాలా వద్దా అని ఆలోచించినట్టే ఉంది. ఈ కొత్త రూపాయి అడ్డం 20 మిల్లీమీటర్లు, సాకెట్ నోరు ఇంచుమించు 21. పెళ్లిసంబంధాలు కూడా ఇంతలా కుదరవు. లోపలికి జారింది. చిటుక్కుమంది. పాట చరణం మధ్యలో ఆగిపోయింది. మా కారులో పాటలకీ సాకెట్‌కీ ఒకటే ఫ్యూజ్ అని అప్పుడే తెలిసింది.

సాకెట్ అడుగున ఉండే బొడిపె ప్లస్, చుట్టూ ఉన్న గోడ మైనస్. రూపాయి అడ్డంగా పడి రెంటినీ కలిపేసింది. 12 వోల్ట్‌లే కాబట్టి మనకి షాక్ కొట్టదు గానీ, ఫ్యూజ్ మాత్రం మిగలదు.

మా ఆవిడ వెనక నుంచి పిన్నీసు అందించింది. బావమరిది ఫోన్‌లో, ఫ్యూజ్‌కి సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టమన్నాడు. అలా చుడితే ఈసారి ఫ్యూజ్ బదులు వైర్లు కాలతాయి. వాడు ఇంజనీరు.

రణస్థలం దగ్గర మావయ్యగారు పనసపండు కోసం కారు ఆపించారు. అమ్మే ముసలమ్మ నా వాలకం చూసి, "ఏటి బాబూ, మొకం అలా ఎట్టినావు?" అంది. చెప్పాను.

"ఇంతోటి దానికా! తాళం తీసీసినావా?"

తీశాను. చీపురుపుల్ల కొసకి పనస జిగురు చుట్టి, సాకెట్‌లోకి దింపి, ఊపిరి బిగబట్టింది. మేమూ బిగబట్టాం. పండ్లు కొనడానికి వచ్చిన ఇంకో నలుగురు కూడా, ఎందుకో తెలియకుండానే, బిగబట్టారు. మెల్లగా లాగింది. రూపాయి పుల్లకి వేలాడుతూ పైకి వచ్చింది. "సిన్నప్పుడు పిట్టల్ని ఇలాగే పట్టీవోలం" అంది. కరెంటు సంగతి ఆమెకి ఎవరు చెప్పారో గానీ, తాళం తీశావా అని నన్ను అడిగిన మనిషి ఆ రోజు మొత్తానికి ఆమె ఒక్కతే.

విజయనగరంలో కారు సామాన్ల కొట్టతను అడగలేదు. టార్చి వేసి చూసి, "మొత్తం మాడిపోయింది సార్" అని తల అడ్డంగా ఊపాడు. 850 రూపాయలు. ఈలోగా ఫోన్ చచ్చిపోవడం, కాలనీ చుట్టూ తిరగడం, ముహూర్తం దాటాక మా తోడల్లుడి ముఖం... వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

రాత్రి ఇంటికొచ్చి అతను సంచిలో వేసి ఇచ్చిన పాత సాకెట్ తీసి చూశాను. మాడింది కాదు సరికదా, తళతళలాడుతోంది. కారు పుస్తకం కూడా మొదటిసారి తెరిచాను. 15 ఆంపియర్ల స్పేర్ ఫ్యూజ్, నీలం రంగుది, స్టీరింగ్ కింద పెట్టె మూతలోనే ఉందట. కొన్నప్పటి నుంచీ నా మోకాలికి జానెడు దూరంలో. కొత్త సాకెట్‌కీ మూత లేదు. మూత విడిగా 60 రూపాయలట.

రూపాయి నా చొక్కా జేబులో ఉంది. గంగమ్మది కాబట్టి ఖర్చు పెట్టకూడదన్నారు మావయ్యగారు. పెట్టాలన్నా రాదు, జేబుకి అంటుకుపోయింది. ఆ చొక్కా ఉతకనని మా ఆవిడ బాల్చీ అవతల పెట్టేసింది.