గుడ్లగూబ కన్ను

మా ఆయన శిల్పి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎవరైనా నేర్పబోయినా వినరు. ఇంట్లో ఏ వస్తువు పాడైనా ఆయన మొహం వెలిగిపోతుంది. కొన్ని పాడవకముందే వెలుగుతుంది, అక్కడే గొడవ.

ఏమైనా అంటే పికాసోని అడ్డం పెట్టుకుంటారు. 1942లో సైకిల్ సీటుకి హ్యాండిల్ తగిలించి ఎద్దు తల చేశాడు కదా అంటారు. ఆ సైకిల్ లేక ఇంట్లోవాళ్లు ఎంత నడిచారో ఎవరికి తెలుసు! పికాసో తండ్రే డ్రాయింగ్ మాస్టారు కదండీ అంటే, వెంటనే నేక్‌చంద్ దిగుతాడు. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తూ, పగిలిన గాజులూ పింగాణీ ముక్కలూ ఏరుకొచ్చి, ఏళ్ల తరబడి గుట్టుగా రాక్ గార్డెన్ కట్టిన మనిషి. నిజంగా మహానుభావుడే. కానీ ఆయన తన సరుకు అడవిలో దాచుకున్నాడు. ఈయన మంచం కింద దాస్తారు.

మొన్న గుడ్లగూబ మొదలైంది. పొట్ట థర్మోకోల్, వెన్నెముక టీవీ రిమోట్, మొహం డబ్బా రేకు మూత. ఒక కంటికి పాత వాచీ కుదిరింది. రెండో కంటికి ఎక్కడో ఓ తెల్ల ప్లాస్టిక్ మూత దొరికింది. సూపర్ గ్లూ వేసి గట్టిగా నొక్కి పట్టుకున్నారు. అలాంటి మూతలు చాలావరకు పాలీప్రొపిలీన్‌వి, వాటికి జిగురు ఓ పట్టాన అంటదు. సూపర్ గ్లూ గట్టిపడాలంటే కావలసింది కాస్త తడి. అది చేతి చెమటలో బోలెడంత దొరికింది. చెయ్యి తీయబోతే కన్ను ఊడి కింద పడింది, వేళ్లు మాత్రం రేకుకి ఉండిపోయాయి.

సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. బట్టలారేస్తున్న నేను వచ్చేసరికి గుమ్మంలో పార్సిల్ అబ్బాయి.

"ఓటీపీ చెప్పండి సార్."

"ఫోన్ కుడి జేబులో ఉందయ్యా." కుడిచేతికేమో గుడ్లగూబ.

ఆ అబ్బాయి ఓ అడుగు వెనక్కి వేసి, "కరుస్తుందా సార్?" అన్నాడు.

వచ్చింది కొత్త టీవీ రిమోట్.

"నా నెయిల్ పాలిష్ రిమూవర్లో అసిటోన్ ఉంది, తెస్తానుండండి. దానికి వదులుతుంది," అన్నాను.

"వద్దొద్దు! ఒక్క చుక్క కారినా థర్మోకోల్ కరిగి పొట్ట పోతుంది!" అంటూ దాన్ని గుండెలకి హత్తుకున్నారు. వేళ్లు పోయినా ఫర్వాలేదు కాబోలు.

వినకుండా వెళ్లి తెచ్చాను. సీసా ఉంది, మూత లేదు. లోపల చుక్క లేదు, అంతా ఆవిరైపోయింది. నేను కింద పడున్న కన్ను వైపు చూశాను. ఆయన ఫ్యాన్ వైపు చూశారు.

చివరికి గోరువెచ్చటి సబ్బు నీళ్లే గతి. గుడ్లగూబ తల బకెట్లోకి వంచి, ఈయన పక్కనే చతికిలబడ్డారు. బలవంతంగా లాగితే చర్మం లేచొస్తుంది, నానబెట్టి మెల్లగా ఒలుచుకోవాలి. చాలాసేపటికి ఒక వేలు వచ్చింది. ఇంకోటి వచ్చేలోపు ఆయన చూపు బకెట్ పిడి మీద పడింది.

"ఇది కాస్త వదులైనట్టుంది కదూ?"

నేను మాట్లాడకుండా వెళ్లి, కొత్త రిమోట్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాను.