సవరణ: కయాక్, పర్యాటక బోటు పోలిక గురించి

విహార పడవల ప్రమాదాలను పోల్చిన కిందటి టపాలో, కయాక్ (ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నని చిన్న పడవ) కంటే రెండంతస్తుల పర్యాటక బోటు సురక్షితమని ఉన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోగలరు: బోల్తా పడే అవకాశం కయాక్‌కే ఎక్కువ, బోల్తా పడ్డాక బయటపడే అవకాశం మాత్రం పెద్ద బోటులో బాగా తక్కువ. కయాక్ తిరగబడితే, లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి సాధారణంగా వెంటనే పైకి తేలి, ఆ కయాక్‌నే పట్టుకుని ఉండగలడు. అదే పర్యాటక బోటు తిరగబడితే, మూసిన కింది అంతస్తులో కూర్చున్నవారికి తలుపు ఎటుందో తెలిసేలోపే నీరు నిండిపోతుంది. పై అంతస్తులో జనం కిక్కిరిసి, ఫొటోల కోసమని అందరూ ఒకే పక్కకు చేరితే, ఒరిగిన బోటు మళ్లీ నిలదొక్కుకోవడం కష్టం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగినది అలాంటి రెండంతస్తుల పర్యాటక బోటే. అక్టోబరు 22న దాన్ని వెలికితీసినప్పుడు కూడా లోపల మృతదేహాలు దొరికాయి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో బోల్తా పడినదీ పర్యాటక బోటే.

ఇది కయాక్‌ను వెనకేసుకురావడం కాదు. లైఫ్ జాకెట్ లేకుండా, వరద నీటిలో, ఒంటరిగా కయాక్ నడిపేవారికి పై పోలిక వర్తించదు. జెట్ స్కీ (నీటి మీద మోటారు బైకులా నడిపే చిన్న వాహనం) లెక్క వేరు; అక్కడ మునిగిపోవడం కన్నా ఢీకొని గాయపడటమే ఎక్కువ కాబట్టి, కిందటి టపాలో దాని గురించిన భాగంలో మార్పు లేదు.